కలప, ఉప్పెన, పూడిక: కోరంగి ఓడల రేవు చరిత్ర – పునఃపరిశీలన

తెలుగునాట రేవుపట్టణాల చరిత్రను చర్చించేటప్పుడు పరిశోధకుల దృష్టి మొదట మోటుపల్లి మీదికే పోతుంది. 1244 నాటి గణపతిదేవుని అభయశాసనం వర్తకులకు ఇచ్చిన హామీ, శ్రీనాథుడు హరవిలాస అవతారికలో అవచి తిప్పయ్య సెట్టి దిగుమతులను వర్ణించిన తీరు ఆ రేవుకు సాహిత్య గౌరవాన్ని, శాసన గౌరవాన్ని కూడా కలిగించాయి. గోదావరి గౌతమీ పాయ నుంచి చీలిన చిన్న ఏటి ఒడ్డున, కాకినాడకు దక్షిణంగా సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోరంగికి అంతటి ప్రతిష్ఠ దక్కలేదు. దాని ఆధారాలు చాలావరకు ఆంగ్లేయ, ఫ్రెంచి దస్త్రాల్లోనూ, నావికుల గ్రంథాల్లోనూ, జిల్లా మాన్యువళ్ళలోనూ చెదిరి ఉన్నాయి. తెలుగువారి జ్ఞాపకంలో మిగిలినది ఒకే ఒక్క వాక్యం: కోరంగి ఉప్పెనలో మునిగిపోయింది.

ఆ వాక్యం ఎంతవరకు నిజమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కోరంగి ప్రధానంగా కలప మీద బతికిన జనావాసం. కొండల నుంచి దిగిన టేకు అక్కడ ఓడగా మారి సముద్రంలోకి వెళ్ళేది. కాబట్టి ఆ ఊరి ఎదుగుదలను గానీ, అది పాడుపడిన తీరును గానీ అర్థం చేసుకోవడానికి గాలివానల తేదీలు చాలవు. అడవి, నది, ఇసుక అనే మూడింటి చరిత్ర కూడా కావాలి.

పేరు

‘కోరంగి’ శబ్దానికి నిఘంటువులు ఇచ్చే అర్థం చిన్న ఏలకి. అమరకోశం వనౌషధివర్గంలో ‘కోరంగీ’ పదాన్ని సూక్ష్మైలకు పర్యాయంగా చేర్చింది. సుగంధద్రవ్యాల వర్తకం వల్ల రేవుకు ఆ పేరు వచ్చిందనుకోవడం వినడానికి ఇంపుగానే ఉంటుంది. కానీ ఏలకి పండేది పడమటి కనుమల్లో. గౌతమీ ముఖద్వారం ఆ సరకుకు ప్రసిద్ధమని చూపే ఆధారం లేనంతవరకు ఈ వ్యుత్పత్తిని అంగీకరించడం కష్టం. హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు సంకలనకర్తలు ఇది ‘కళింగ’ శబ్దానికి వికృతి కావచ్చునని ఊహించారు. ర-ల వర్ణాల మార్పిడి భాషలో అరుదు కాదు. అయినా ఇదీ ఊహే. పేరు పుట్టుక కంటే పేరు ప్రయాణం ఈ సందర్భంలో ముఖ్యం. దానిని వ్యాసం చివరి భాగంలో చూడవచ్చు.

పక్కనున్న తాళ్ళరేవు పేరు మరింత ఆసక్తికరం. ‘తాళ్ళు’ అన్నది ‘తాడి’కీ బహువచనమే, ‘తాడు’కీ బహువచనమే. ఆ ఊరు తాటిచెట్ల రేవా, ఓడలను కట్టే మోకుల రేవా అన్నది వ్యాకరణం తేల్చలేదు. తీరంలో తాటిచెట్లు ఉన్నాయి, ఓడలు కట్టిన చరిత్రా ఉంది. వాడరేవు, వాడబలిజ వంటి మాటల్లో ‘వాడ’ ఓడకు రూపాంతరమని గుర్తు చేసుకుంటే, తీరాంధ్ర స్థలనామాలలో నౌకాజీవనం ఎంతగా ఇమిడి ఉన్నదో తెలుస్తుంది. స్థలనామ పరిశోధకులు ఈ దిశగా ఇంకా చాలా దూరం పోవలసి ఉంది.

కలప దిగివచ్చిన దారి

గోదావరి డెల్టాలో ఓడల నిర్మాణం కోరంగితో మొదలు కాలేదు. 17వ శతాబ్దంలో వశిష్ఠ పాయ మీది నరసాపురం ఆ పనికి పేరుపొందింది. 1669–1679 మధ్య బంగాళాఖాతపు తీరాలన్నీ తిరిగిన ఆంగ్ల నావికుడు థామస్ బౌరీ తన యాత్రా గ్రంథంలో నరసాపురం ప్రాంతపు వడ్రంగుల నేర్పును, అక్కడ దొరికే కలప, ఇనుముల మేలిమిని మెచ్చుకున్నాడు. మచిలీపట్నం వర్తకులు తమ ఓడలను అక్కడ కట్టించుకొనేవారు. 18వ శతాబ్దంలో ఈ విద్య కేంద్రం గౌతమీ పాయ వైపు జరిగింది. సమీపంలోని ఇంజరంలో ఆంగ్లేయుల బట్టల కొఠీ, యానాంలో ఫ్రెంచివారి స్థావరం, జగన్నాథపురంలో డచ్చివారి స్థావరం ఏర్పడ్డాయి. ముగ్గురికీ ఓడలు కావాలి. కట్టడానికే కాదు, తుపానుకు దెబ్బతిన్నవాటిని బాగుచేయించడానికీ ఒక రేవు కావాలి. ఆ అవసరాన్ని తీర్చినది కోరంగి.

ఈ నేర్పుకు మూలాధారం టేకు. సామర్లకోటలో కంపెనీ వైద్యుడుగా, వృక్షశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన విలియం రాక్స్‌బరో కోరమాండల్ తీరపు మొక్కల మీద రాసిన గ్రంథంలో టేకును వర్ణిస్తూ, పాల్వంచకు ఎగువన గోదావరి ఒడ్డున పెరిగే టేకు మిగతా చోట్ల దొరికే దానికంటే చిక్కని రేఖ, ఎక్కువ బరువు గలదని పేర్కొన్నాడు. కొండ వాలు మీద నెమ్మదిగా పెరిగిన చెట్టుకు వయసు ఎక్కువ, చేవ ఎక్కువ. టేకులోని నూనె వల్ల ఉప్పునీటిలో పలక త్వరగా కుళ్ళదు, ఇనుప మేకు తుప్పు పట్టడమూ తక్కువే. ఓడ కట్టేవాడికి ఇంతకంటే కావలసినది లేదు.

అయితే పచ్చి టేకు నీటిలో తేలదు. చెట్టు మొదట్లో బెరడును చుట్టూ నరికి నిలువునా ఎండనిచ్చిన తరువాత పడగొట్టడం ఒక పద్ధతి. దుంగలకు వెదురు కట్టలను జోడించి తెప్పగా కట్టడం మరొకటి. వరదకాలంలో ఈ తెప్పలు పాపికొండల ఇరుకు దాటి రాజమహేంద్రవరం చేరేవి. ఆ పట్టణంలో కలప అడితీల వ్యాపారం నేటికీ సాగడానికి మూలం ఈ నీటి దారే. అక్కడినుంచి గౌతమీ పాయ వెంట దుంగలు కోరంగి దాకా వచ్చేవి. అడవిలో చెట్టు కొట్టినవాడు ఒకడు, తెప్ప నడిపినవాడు ఒకడు, రంపం పట్టినవాళ్ళు మరికొందరు. గుంట మీద దుంగను అడ్డంగా వేసి ఒకడు పైన, ఒకడు కింద నిలిచి కోసిన పలకలను వడ్రంగి ఓడ పక్కెలకు వంచి బిగించేవాడు. కమ్మరి మేకులు చేసేవాడు. పలకల సందుల్లో నార కూరి, గుగ్గిలం, నూనె కలిపిన ముద్దతో మూసేవారు. దొరల దస్త్రాల్లో ఓడల పేర్లు, వాటి యజమానుల పేర్లు ఉన్నాయి. ఈ పనివారిలో ఒక్కరి పేరైనా ప్రచారంలోకి రాలేదు. కోరంగి చరిత్ర రచనలో ఇది చిన్న లోపం కాదు. ఊరు అంటే ముందు వాళ్ళే.

1802లో రోబక్ అనే ఆంగ్లేయుడు కోరంగిలో ఓడలను బాగుచేసే డాక్ నిర్మించాడు. ఆంగ్ల నౌకాదళపు ఓడలు సైతం అక్కడికి వచ్చేవి. కలకత్తాకూ సింహళంలోని త్రికోణమలకూ మధ్య పెద్ద ఓడలను డాకులోకి ఎక్కించగలిగిన చోటు ఇదొక్కటేనని గోదావరి జిల్లా మాన్యువల్ రాసిన మోరిస్ చెప్పిన మాటను హాబ్సన్-జాబ్సన్ కూడా ఉదాహరించింది. తూర్పు తీరంలో సహజమైన లోతు రేవులు దాదాపు లేవు. మద్రాసులో ఓడ దూరంగా లంగరు వేస్తే సరకును మసూలా పడవల్లో అలల మీదుగా దించవలసి వచ్చేది. అటువంటి తీరంలో ఏటి లోపల, అలల తాకిడి లేని చోట ఓడను నిలిపి బాగుచేయగలగడం అసాధారణమైన సౌకర్యం.

ఉప్పెన, అంకెలు

కోరంగిని ముంచిన ఉప్పెనలు మూడు. 1787 మే నెలలో వచ్చినది మొదటిది. రాక్స్‌బరో సంవత్సరాల తరబడి సేకరించిన మొక్కల నమూనాలు, పుస్తకాలు ఆ ఉప్పెనలోనే పోయాయి. 1789 డిసెంబరులో రెండవది. వరుసగా మూడు పెద్ద అలలు వచ్చి ఊరిని ఊడ్చుకుపోయాయని, 20,000 మంది చనిపోయారని తరువాతి రచనలు చెబుతాయి. కలకత్తాలో ఉంటూ గాలివానల గమనాన్ని పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ ఈ సంఘటనను ఉప్పెన అలకు ప్రధానోదాహరణగా చూపాడు. ‘సైక్లోన్’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చినవాడు అతడే. అతని నావికుల గ్రంథం 1848లో వెలువడింది. ప్రపంచమంతటా తుపానుకు వాడే ఆ పదం చరిత్రలో ఈ తెలుగు రేవుకు చోటుండడం గమనించదగినది. తెలుగువారికి మాత్రం అప్పటికే ‘ఉప్పెన’ ఉంది. గాలిని గాక, గాలి వెంట ఊరి మీదికి వచ్చే ఉప్పునీటిని పేర్కొనే మాట అది. తీరవాసికి భయం దేని వల్లనో ఆ పదమే చెబుతుంది.

మూడవది 1839 నవంబరు నాటిది. దీనికి సంబంధించి ఒక అంకె నేడు విరివిగా కనబడుతున్నది: 3,00,000 మంది మృతి, 20,000 ఓడల నాశనం. ప్రపంచపు ఘోర తుపానుల జాబితాలన్నింటిలోనూ ఈ లెక్క చేరింది. తెలుగు వ్యాసాలు, పత్రికలు దానిని తిరిగి తిరిగి ముద్రిస్తున్నాయి. ఈ అంకెను పరీక్షించకుండా స్వీకరించడం సరికాదు.

రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7.38 లక్షలు, 1841లో సుమారు 5.61 లక్షలు. ఇరవై ఏళ్ళలో తగ్గినది దాదాపు 1.77 లక్షలు. ఆ మధ్యలోనే 1833 నాటి గుంటూరు కరువు వచ్చింది, వలసలు జరిగాయి. 1844లో జిల్లా పరిస్థితిని విచారించిన హెన్రీ మాంట్‌గొమరీ ఈ క్షీణతకు ప్రధానంగా కరువులను, నీటి వసతుల పట్ల నిర్లక్ష్యాన్ని కారణంగా చూపాడు. జిల్లా మొత్తం ఇరవై ఏళ్ళలో పోగొట్టుకున్న జనం కంటే ఎక్కువమంది ఒక్క రేవు పరిసరాల్లో ఒక్కనాడు చనిపోవడం ఎలా సాధ్యం? ఓడల సంఖ్య సంగతి చెప్పనక్కరలేదు. చేపల తెప్పలు, దోనెలు అన్నీ కలిపినా 20,000 అన్న లెక్క ఆ ఏటికి పొసగదు. 1789 నాటి 20,000 మృతుల సంఖ్యే 1839కి ఓడల సంఖ్యగా మారిందేమోనన్న అనుమానమూ కలుగుతుంది. ఇది నిరూపించదగిన విషయం కాదు గాని, అంకెల పోలిక మాత్రం స్పష్టం.

ఇలా ప్రశ్నించడం ఆనాటి ప్రాణనష్టాన్ని తక్కువ చేయడం కాదు. వేలాదిమంది పోయిన ఉప్పెన తక్కువది కాదు. అయితే అతిశయోక్తి వల్ల ఒక నష్టం జరిగింది. 1839లో ఊరు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయిందని నమ్మితే, ఆ తరువాతి కోరంగి కనబడకుండా పోతుంది. నిజానికి 1789 ఉప్పెన తరువాత పదమూడేళ్ళకే అక్కడ డాక్ కట్టారు. 1839 ఉప్పెన తరువాత నాలుగేళ్ళకు, 1843లో, ‘కోరింగ ప్యాకెట్’ అనే ఓడ తెలుగు కూలీలతో మారిషస్ చేరింది. ఉప్పెన వచ్చిన ప్రతిసారీ జనం తిరిగి వచ్చారు, ఓడలు తిరిగి కట్టారు. మూడు ఉప్పెనలకు చావని ఊరు ఆ తరువాతి కాలంలో ఎందుకు పాడుపడింది అన్నదే అసలు ప్రశ్న.

పూడిక

దానికి జవాబు ఉప్పెనంత ఉద్వేగం కలిగించేది కాదు. గోదావరి ఏటా తెచ్చే ఒండ్రుమట్టి గౌతమీ ముఖద్వారం వద్ద పేరుకుంటుంది. నైరుతి రుతుపవన కాలంలో అలలు ఆ ఇసుకను తీరం వెంట ఉత్తరంగా నెడతాయి. ఈ విధంగా సుమారు రెండు శతాబ్దాల కాలంలో ఏర్పడిన పొడవైన ఇసుక దిబ్బే నేటి హోప్ ఐలాండ్. పొడవు దాదాపు 16 కిలోమీటర్లు. దిబ్బ పెరిగిన కొద్దీ దానికీ తీరానికీ మధ్యనున్న అఖాతంలో నీరు నిలకడై, మట్టి అడుగున చేరి, కోరంగి ఏటి మొగ మెరకవేసింది. పెద్ద ఓడ లోపలికి రావడానికి పోటు కోసం ఎదురుచూడవలసి వచ్చింది, కొన్నాళ్ళకు పోటున కూడా రాలేకపోయింది. 18వ శతాబ్దం చివరలో ఈ తీరాన్ని సర్వే చేసిన మైకేల్ టాపింగ్ కోరంగి అఖాతాన్ని మంచి రేవుగా తీర్చవచ్చునని భావించాడు. ఆయన చూసిన అఖాతం వేరు, మూడు తరాల తరువాతి అఖాతం వేరు.

ఇక్కడ ఒక వైచిత్రి ఉంది. కోరంగిని పూడ్చిన ఇసుకదిబ్బే కాకినాడకు గాలివానల నుంచి అడ్డుగోడ అయింది. దాని మరుగున ఓడలు నిశ్చింతగా లంగరు వేయగలిగాయి. ఒకే ప్రకృతి వ్యాపారం పది మైళ్ళ ఎడంలో ఒక రేవును తీసి మరొక రేవును నిలబెట్టింది.

ప్రకృతి ఒక్కటే కారణమనడం కూడా సగం నిజమే. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టా రవాణాను మార్చివేసింది. ధవళేశ్వరం నుంచి కాకినాడకు పడవలు నడిచే కాలువ ఏర్పడింది. కోరంగి పేరుతోనూ ఒక కాలువ తవ్వారు గాని, కాలువ చివర ఓడ లేకపోతే సరకు అటు పోదు. ధాన్యం, నూనెగింజలు, పత్తి, వాటితోపాటు కలప కూడా కాకినాడ దారి పట్టాయి. 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తికి గిరాకీ పెరగడం ఆ పట్టణానికి ఒక్కసారిగా ఊపునిచ్చింది. 1866లో అది మునిసిపాలిటీ అయింది.

అడవి వైపు నుంచి కూడా మార్పు వచ్చింది. 1856లో మద్రాసు రాజధానికి హ్యూ క్లెగార్న్ అటవీ సంరక్షకుడుగా నియమితుడయ్యాడు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. చెట్టు కొట్టడం కొండవాడికీ వర్తకుడికీ మధ్య బేరంగా ఉన్న కాలం పోయి, అనుమతి, రుసుము, రిజర్వు అనే మాటలు వచ్చి చేరాయి. ఏ దుంగ నదిలోకి దిగాలన్నది సర్కారు నిర్ణయించసాగింది. మరోవైపు 1869లో సూయెజ్ కాలువ తెరుచుకొన్న తరువాత దూర వర్తకం ఆవిరి ఓడల చేతికి పోయింది. ఇనుప ఓడకు కోరంగి వడ్రంగితో పని లేదు. తాళ్ళరేవు పరిసరాల్లో చిన్న తెరచాప ఓడల నిర్మాణం 20వ శతాబ్దంలోనూ సాగింది. అది మిగులు మాత్రమే.

రంగం

రేవు తగ్గిపోయిన కాలంలోనే దాని పేరు పెరిగింది. 1828లో యానాం నుంచి తెలుగు కూలీలు ఫ్రెంచి వలస అయిన రీయూనియన్ దీవికి వెళ్ళారు. మారిషస్ సంగతి పైన చెప్పినదే. కాని అన్నిటికంటే పెద్ద వలస బర్మాకు జరిగింది. తెలుగువారు ‘రంగం’ అని పిలుచుకున్న రంగూన్‌కు 19వ శతాబ్దం చివర కాకినాడ, విశాఖపట్నం వంటి రేవుల నుంచి ఏటా వేలమంది ఆవిరి ఓడల డెక్కుల మీద వెళ్ళారు. వాళ్ళలో కోరంగి ఊరివారు ఎందరో చెప్పలేము, కోరంగిలో ఓడ ఎక్కినవారు అసలే తక్కువ. అయినా బర్మాలో తెలుగు కూలీకి స్థిరపడిన పేరు ‘కోరంగీ’. పాత తెరచాప ఓడల కాలంలో బంగాళాఖాతం దాటి వచ్చినవారికి పెట్టిన పేరు, రేవు పూడిపోయిన తరువాత వచ్చినవారికీ అంటుకొన్నది. ఒక స్థలనామం జాతినామమై, క్రమంగా చులకన మాటగానూ మారింది. భాషాశాస్త్రం దీనిని అర్థసంకోచం అంటుందో అర్థవ్యాకోచం అంటుందో తేల్చడం తేలిక కాదు. రెండూ ఇందులో ఉన్నాయి.

కలప దృష్టితో చూస్తే ఈ వలసలో మరొక మలుపు కనబడుతుంది. రంగూన్‌లో తెలుగువారికి పని దొరికినది ఓడరేవులోనూ, బియ్యపు మరల్లోనూ, రంపపు మిల్లుల్లోనూ. గోదావరి టేకును కోసిన తీరం నుంచి వెళ్ళినవారు ఐరావతి మీదుగా వచ్చిన బర్మా టేకును కోశారు. ఆ టేకే తిరిగి మద్రాసు తీరానికి దిగుమతి అయ్యేది.

1930 మే నెలలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యాజమాన్యాలు బర్మీయులను పనిలో పెట్టుకొని, సమ్మె ముగియగానే వాళ్ళను తొలగించాయి. మే 26న మొదలైన ఘర్షణలో వందకు పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది తెలుగువారే. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు, ఓడ దొరకని లక్షలాది భారతీయులు అరకాన్ దారినా, మణిపురం కొండల దారినా కాలినడకన బయలుదేరారు. రంగం నుంచి తిరిగి వచ్చిన తెలుగు కుటుంబాల జ్ఞాపకాలు ఉత్తరాంధ్రలోనూ గోదావరి తీరంలోనూ నేటికీ వినబడతాయి. వాటిని సేకరించే పని తెలుగు శాఖలు చేయదగినది, ఆలస్యం చేయదగినది కాదు.

కోరంగి గ్రామం ఇప్పుడు కాకినాడ జిల్లా తాళ్ళరేవు మండలంలో ఉంది. పూడిన అఖాతంలో మడ చెట్లు పెరిగాయి. తిల్ల, పొన్న, మడ కలిసిన ఆ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235.7 చదరపు కిలోమీటర్లు. దుంగలు దిగిన ఏటిలో ఇప్పుడు యాత్రికుల పడవలు, చేపల పడవలు తిరుగుతున్నాయి. గోదావరి ఏడు పాయల సాగరసంగమాలను దర్శించే సప్తసాగర యాత్రలో కోరంగి ఏరు ఆత్రేయ పాయగా లెక్కకు వస్తుంది. యాత్ర చొల్లంగిలో స్నానంతో మొదలై ఆత్రేయ వద్దకు చేరుతుంది. అక్కడ భక్తులు స్నానం చేసే చోటికి సముద్రం కనబడదు. అది మడ అడవికి అవతల ఉంది.